లాగిన్ అయ్యాక ఎవరు ఎవర్ని లేపుతున్నారు?

లినక్సులో తెలుగు టైపింగ్ రావట్లేదని హైదరాబాదులో ఏ వాట్సాప్ గ్రూపులో అడిగినా సలహాలకు కొదవుండదు. తెలుగు అక్షరాలు టైపు చేయించే ఇన్‌పుట్ మెథడ్ ప్రోగ్రామ్ ఐబస్, తెర వెనక నడిచే డీమన్ అది. దాన్ని నడిపే లైను ఒకటి, టెర్మినల్‌లో కమాండ్లు అందుకునే షెల్ మొదలైనప్పుడు చదివే .బాష్‌ఆర్‌సీ ఫైలు చివర రాసెయ్యమని ఒకరంటారు. అక్కడ కాదు, లాగిన్ అప్పుడు షెల్ చదివే .ప్రొఫైల్‌లో పెట్టమని ఇంకొకరు. మూడో ఆయన ఆటోస్టార్ట్ ఫోల్డర్ చూపిస్తాడు. నాలుగో ఆయనకు సేవల్ని లేపి ఆపే సిస్టమ్‌డీ తెలుసు కాబట్టి యూజర్ యూనిట్ (సేవను వివరించే ఫైలు) రాసి డీఫాల్ట్ టార్గెట్‌కి (సిస్టమ్‌డీ మొదట చేరుకునే మజిలీకి) తగిలించమంటాడు. అడిగినవాళ్ళు పాపం నాలుగూ చేస్తారు. కొన్నాళ్ళు నడుస్తుంది. తర్వాత ప్యానెల్లో రెండు కీబోర్డు బొమ్మలు కనిపిస్తాయి, బ్రౌజర్లో తెలుగు వస్తుంది, లిబ్రె ఆఫీసులో రాదు. చివరికి "లినక్సులో తెలుగు ఇంతేనండీ" అని తేల్చేస్తారు.

తప్పు తెలుగుది కాదు, ఐబస్‌ది కూడా కాదు. ఒకే డీమన్‌ని నలుగురు లేపుతున్నారు, పడుకోబెట్టే బాధ్యత ఒక్కరికీ లేదు. నా వాదన ఇదే: లాగిన్ సెషన్‌లో నడిచే ప్రతి సేవకూ, అంటే ఇలాంటి ప్రతి డీమన్‌కూ, లేపేవాడు ఒక్కడే ఉండాలి, ఆపడమూ వాడి చేతిలోనే ఉండాలి. ఈ రెండో సగాన్ని సలహాలిచ్చేవాళ్ళు దాదాపు ఎప్పుడూ వదిలేస్తారు. సేవ ఎలా మొదలవుతుందో చెబుతారు గానీ లాగౌట్ అయినప్పుడు దాని గతి ఏమిటో చెప్పరు.

షెల్ ఫైళ్ళలో ఎందుకు పెట్టకూడదు

.బాష్‌ఆర్‌సీ గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. టెర్మినల్ తెరిచిన ప్రతిసారీ అది నడుస్తుంది, తెరవకపోతే అసలు నడవదు. సేవ మొదలుపెట్టడానికి అంతకంటే అధ్వానమైన చోటు లేదు.

.ప్రొఫైల్ కాస్త మర్యాదస్థురాలిలా కనిపిస్తుంది. జీడీఎమ్ అనే లాగిన్ తెర నుంచి గ్నోమ్ డెస్క్‌టాప్‌లోకి వెళ్తే లాగిన్ షెల్ దాన్ని చదువుతుంది కాబట్టి పని జరిగినట్టే ఉంటుంది. కానీ హోమ్‌లో .బాష్_ప్రొఫైల్ అనే ఫైలు ఉందంటే బాష్ దాన్నే చదివి .ప్రొఫైల్ ముఖం కూడా చూడదు. ఏదో టూల్ ఇన్‌స్టాల్ చేస్తే అది చెప్పకుండా .బాష్_ప్రొఫైల్ సృష్టించిపోవడం మామూలే. షెల్‌ని జెడ్‌షెల్‌కి మార్చుకున్నా ఇదే కథ, అది చదివేది .జెడ్‌ప్రొఫైల్‌ని. పైగా .ప్రొఫైల్ గ్రాఫికల్ లాగిన్‌కే పరిమితం కాదు. మాదాపూర్ ఆఫీసులో కూర్చుని కూకట్‌పల్లి ఇంట్లో ఉన్న డెస్క్‌టాప్‌లోకి ఎస్ఎస్‌హెచ్ చేసినా అది నడుస్తుంది. అంటే తెరే లేని సెషన్‌లో ఇన్‌పుట్ మెథడ్ డీమన్ లేచి కూర్చుంటుంది.

అలా లేచిన ప్రాసెస్ లాగిన్ సెషన్ స్కోప్ అనే గుంపులో చేరుతుంది. లాగౌట్ అయితే పోతుందా అంటే, సెషన్ల లెక్క చూసే లాగిన్‌డీలో కిల్‌యూజర్‌ప్రాసెసెస్ అనే సెట్టింగ్‌ను బట్టి ఉంటుంది. 2016లో వచ్చిన సిస్టమ్‌డీ 230 దాన్ని 'యెస్' చేసింది, అంటే లాగౌట్‌తో అన్నీ పోవాలి. లాగౌట్ అయ్యాక కూడా టెర్మినల్ పనులు నడవాలని టీమక్స్, స్క్రీన్ వాడేవాళ్ళు గగ్గోలు పెట్టారు, డెబియన్ లాంటి పంపిణీలు (డిస్ట్రోలు) మళ్ళీ 'నో' చేసుకున్నాయి. కాబట్టి చాలా మెషీన్లలో మీ డీమన్ లాగౌట్ అయ్యాక కూడా బతికే ఉంటుంది, లేని తెరను పట్టుకుని. మళ్ళీ లాగిన్ అయితే దాని పక్కన ఇంకొకటి.

డీఫాల్ట్ టార్గెట్ అనే తొందరపాటు

నాలుగో ఆయన సలహా మిగతావాటికంటే మెరుగ్గా ధ్వనిస్తుంది కాబట్టే ఎక్కువ మందిని తప్పుదారి పట్టిస్తుంది. ఇక్కడ వరుసక్రమం తెలియాలి. పాస్‌వర్డ్ కొట్టగానే, దాన్ని సరిచూసే పామ్ వ్యవస్థలోని మాడ్యూల్ లాగిన్‌డీకి సెషన్ సంగతి చెబుతుంది. లాగిన్‌డీ /రన్/యూజర్/1000 డైరెక్టరీ (1000 మీ యూజర్ నంబరు అనుకుందాం) తయారుచేసి, మీ పేరున సిస్టమ్‌డీ యూజర్ మేనేజర్ నడవకపోతే దాన్ని లేపుతుంది. ఆ మేనేజర్ తన డీఫాల్ట్ టార్గెట్ వైపు పరుగు మొదలుపెడుతుంది. డెస్క్‌టాప్‌ను బట్టి గ్నోమ్ షెల్లో, కేడీఈ వారి కేవిన్నో, స్వేనో లేచి తెర గీసేది ఆ తర్వాతే. డీఫాల్ట్ టార్గెట్‌కి కట్టిన సేవ లేచేసరికి, తెర ఎక్కడుందో ప్రోగ్రాములకు చెప్పే వేలాండ్_డిస్‌ప్లే, డిస్‌ప్లే వేరియబుల్స్ పుట్టనే లేదు.

తర్వాత జరిగేది ఎవరైనా ఊహించగలరు. ప్రోగ్రామ్ తెర దొరక్క చస్తుంది. రీస్టార్ట్=ఆన్-ఫెయిల్యూర్ పెట్టి ఉంటే సిస్టమ్‌డీ 100 మిల్లీసెకన్లు ఆగి మళ్ళీ లేపుతుంది, మళ్ళీ చస్తుంది. 10 సెకన్లలో 5 సార్లు మొదలవడం డీఫాల్ట్ హద్దు. ఆ కోటా ఒకటి రెండు సెకన్లలో అయిపోతుంది, మరీ త్వరత్వరగా మళ్ళీ మొదలవుతోందని లాగ్‌లో రాసి మేనేజర్ చేతులు దులిపేసుకుంటుంది. ఆ తర్వాత తెర వచ్చినా ఆ సేవను పట్టించుకునే నాథుడుండడు.

అప్పుడు స్లీప్ 10 అనే చిట్కా బయటికొస్తుంది. అసలు ప్రోగ్రామ్‌కంటే ముందు నడిచే ఎగ్జెక్‌స్టార్ట్‌ప్రీ లైనులో పది సెకన్లు నిద్రపెట్టడం. ఇది పనిచేయడానికి కారణం అదృష్టం: ఒక్కో కమాండ్‌ని నడిపేటప్పుడు మేనేజర్ దగ్గర ఆ క్షణానికి ఉన్న వేరియబుల్స్ దానికి అందుతాయి. పది సెకన్లలోపు డెస్క్‌టాప్ తన వేరియబుల్స్‌ని మేనేజర్‌కి అప్పగించేసి ఉంటే సరే. ఎస్ఎస్‌డీ ఉన్న లాప్‌టాప్‌లో అప్పగిస్తుంది. పాత హార్డ్ డిస్క్ మెషీన్‌లో, అప్‌డేట్ తర్వాత మొదటి బూట్‌లో, అప్పగించకపోవచ్చు. పరీక్షించినప్పుడల్లా పనిచేసి అవసరమైన రోజున మొండికేసే రకం ఇది.

అసలు చిక్కు ఇంకోటుంది. యూజర్ మేనేజర్ మనిషికొకటి, సెషన్‌కొకటి కాదు. ఉదయం ఎస్ఎస్‌హెచ్‌లో లోపలికెళ్ళి ఆ కనెక్షన్ అలాగే ఉంచి, సాయంత్రం ఇంటికొచ్చి డెస్క్‌టాప్‌లో లాగిన్ అయితే మేనేజర్ అప్పటికే లేచి ఉంది, డీఫాల్ట్ టార్గెట్ ఎప్పుడో పూర్తయింది. అందులో ఉన్న సేవలు మళ్ళీ మొదలవవు. లాగిన్ లేకపోయినా మేనేజర్‌ని నడిపే లింగర్ ఆన్ చేసుకున్నవాళ్ళకైతే కరెంటు పోయి వచ్చి మెషీన్ బూట్ అయినప్పుడే, ఎవరూ లాగిన్ కాకముందే ఇదంతా అయిపోతుంది.

ఎస్ఎస్‌హెచ్ వాడనివాళ్ళకూ ఇది తప్పదు. చివరి సెషన్ ముగిశాక కూడా లాగిన్‌డీ యూజర్ మేనేజర్‌ని 10 సెకన్లు ఉంచుతుంది, యూజర్‌స్టాప్‌డిలేసెక్ డీఫాల్ట్ అది. "లాగౌట్ అయి లాగిన్ అవ్వండి, సరిపోతుంది" అనే సలహా విని చకచకా చేస్తే మీరు తిరిగొచ్చేది పాత మేనేజర్ దగ్గరికే. ఎన్విరాన్‌మెంట్.డీ ఫోల్డర్లో మార్చిన వేరియబుల్ రాలేదని, తెర గీసే పాత పద్ధతి ఎక్స్11 నుంచి కొత్తదైన వేలాండ్‌కి మారితే పాత సెషన్ విలువలు వెంటబడ్డాయని వచ్చే ఫిర్యాదుల్లో చాలావాటి వెనక ఈ పది సెకన్లు ఉంటాయి. లాగిన్ తెర దగ్గర నిదానంగా పదిహేను లెక్కపెట్టి పాస్‌వర్డ్ కొట్టండి, లేదా రీబూట్ చెయ్యండి.

గ్రాఫికల్ సెషన్ టార్గెట్‌కి కట్టాలి

తెర కావాల్సిన సేవకు సరైన చోటు గ్రాఫికల్-సెషన్.టార్గెట్. డెస్క్‌టాప్ సిద్ధమై, వేరియబుల్స్‌ని మేనేజర్‌కి అందించాక ఆ టార్గెట్‌ను లేపుతుంది. యూనిట్ ఫైలులో మూడు లైన్లు ముఖ్యం: పార్ట్‌ఆఫ్, ఆఫ్టర్, ఇన్‌స్టాల్ విభాగంలో వాంటెడ్‌బై. మూడింటికీ విలువ గ్రాఫికల్-సెషన్.టార్గెటే.

చాలామంది వాంటెడ్‌బై ఒక్కటే రాస్తారు. అది లేపుతుంది, ఆపదు. సెషన్ ముగిసి టార్గెట్ ఆగినప్పుడు సేవ కూడా ఆగాలంటే పార్ట్‌ఆఫ్ ఉండాలి. అది లేని యూనిట్, మేనేజర్ ఇంకా బతికుంటే, చచ్చిన సెషన్ వేరియబుల్స్‌తో అలాగే నడుస్తుంది. తర్వాతి లాగిన్‌లో టార్గెట్ దాన్ని లేపమని అడిగినా, అది లేచే ఉంది కదా, మేనేజర్ ఏమీ చెయ్యదు. ఆఫ్టర్ లేకపోతే టార్గెట్ కంటే ముందే పరుగెడుతుంది, మళ్ళీ పాత పందెం.

ఇంకో లైను దగ్గర కూడా బోల్తా పడతారు. సర్వీస్ టైప్ ఏమీ రాయకపోతే సింపుల్ అని అర్థం: మేము లేపిన ప్రాసెసే అసలు ప్రాసెస్ అని సిస్టమ్‌డీ నమ్ముతుంది. షెల్ ఫైలు నుంచి కాపీ చేసిన కమాండ్‌లో డీమన్‌గా వెనక్కి వెళ్ళమనే డీ ఆప్షన్ ఉంటే, తల్లి ప్రాసెస్ పిల్లను పుట్టించి తప్పుకుంటుంది. సేవ పని అయిపోయిందనుకుని సిస్టమ్‌డీ అదే సీగ్రూప్‌లో (ప్రాసెస్‌ల గుంపులో) ఉన్న పిల్లను కూడా చంపేస్తుంది. లాగ్‌లో ఎర్రర్ ఉండదు, స్టేటస్ చూస్తే ఇనాక్టివ్, ఎగ్జిట్ కోడ్ సున్నా. గంటలు తినే తప్పు ఇది. విరుగుడు ఆ డీ ఆప్షన్ తీసెయ్యడమే.

ఇక అభ్యంతరం. "ఇదంతా గ్నోమ్, కేడీఈ వాళ్ళకు బాగుంటుంది, మాకు?" అని స్వే వాడేవాళ్ళు అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. గ్నోమ్ 2019లో 3.34 నుంచి ఈ దారి పట్టింది. కేడీఈ డెస్క్‌టాప్ ప్లాస్మా 2022లో 5.25 నుంచి దీన్ని డీఫాల్ట్ చేసింది. స్వే తనంతట తాను గ్రాఫికల్ సెషన్ టార్గెట్‌ని లేపదు. ఆ టార్గెట్‌ని చేత్తో లేపడానికీ కుదరదు, రెఫ్యూజ్‌మాన్యువల్‌స్టార్ట్ పెట్టి ఉంటుంది. బైండ్స్‌టూతో దానికి కట్టిన స్వే-సెషన్.టార్గెట్ ఒకటి మనమే రాసుకుని, స్వే కాన్ఫిగ్‌లో ముందు వేరియబుల్స్ ఇంపోర్ట్ చేయించి, తర్వాత దాన్ని లేపాలి. వరుస తిరగబడితే ఫలితం సున్నా. కొన్ని తేలికపాటి డెస్క్‌టాపుల్లోనూ ఇదే పరిస్థితి. యూనిట్ రాయబోయే ముందు సిస్టమ్‌సీటీఎల్ --యూజర్ ఈజ్-యాక్టివ్ అని గ్రాఫికల్ సెషన్ టార్గెట్ సంగతి అడిగి చూడండి. ఇనాక్టివ్ అంటే మీ యూనిట్ ఎంత చక్కగా ఉన్నా లేవదు.

ఆటోస్టార్ట్ ఫోల్డర్‌ని తీసిపారేయలేం

మూడో ఆయన చూపించిన ఆటోస్టార్ట్ ఫోల్డర్ మీద నాకు పూర్తి వ్యతిరేకత లేదు. ~/.కాన్ఫిగ్/ఆటోస్టార్ట్‌లో ఒక డెస్క్‌టాప్ ఫైలు పెడితే గ్నోమ్, ప్లాస్మా, ఎక్స్‌ఎఫ్‌సీఈ, ఎల్‌ఎక్స్‌క్యూటీ అన్నీ చదువుతాయి. సిస్టమ్‌డీ లేని డెవువాన్, వాయిడ్‌లో కూడా చెల్లుతుంది. చాలా డెస్క్‌టాపుల్లో సెట్టింగ్స్‌లో స్విచ్ కనబడుతుంది, ఇంట్లో పెద్దవాళ్ళు కూడా నొక్కి ఆపేయగలరు. /ఈటీసీ/ఎక్స్‌డీజీ/ఆటోస్టార్ట్‌లో పంపిణీ పెట్టిన ఫైలు నచ్చకపోతే అదే పేరుతో మన ఫోల్డర్లో ఇంకోటి పెట్టి హిడెన్=ట్రూ అని రాస్తే చాలు. యూనిట్ ఫైళ్ళకు అలాంటి స్విచ్ సౌలభ్యం లేదని ఒప్పుకోవాలి.

పైగా 2020లో వచ్చిన సిస్టమ్‌డీ 246 నుంచి ఈ రెండూ వేరు వేరు కూడా కాదు. గ్నోమ్‌లో, ప్లాస్మాలో ఒక జనరేటర్ ఆ డెస్క్‌టాప్ ఫైళ్ళను యూనిట్లుగా మారుస్తుంది. యూనిట్ పేరు యాప్ అని మొదలై ఎట్ ఆటోస్టార్ట్ సర్వీస్ అని ముగుస్తుంది. ఫైలు పేరులో హైఫన్ ఉంటే దాని బదులు బ్యాక్‌స్లాష్ ఎక్స్ 2 డి అని వస్తుంది, టెర్మినల్లో కొట్టడానికి చిరాకు, ట్యాబ్ నొక్కండి. గ్రాఫికల్ సెషన్‌కి పార్ట్‌ఆఫ్, ఆఫ్టర్ రెండూ జనరేటరే రాసిపెడుతుంది. లాగౌట్ సమస్య అక్కడే తీరిపోతుంది.

తీరనివి మూడు. అలా పుట్టిన యూనిట్‌కి రీస్టార్ట్=నో ఉంటుంది, క్రాష్ అయితే మళ్ళీ లేవదు. జనరేటర్ నడిచేది మేనేజర్ లేచినప్పుడూ, డీమన్-రీలోడ్ చేసినప్పుడూ మాత్రమే. కొత్త ఫైలు పెట్టి, లాగౌట్ అయి పది సెకన్లలోపే లాగిన్ అయ్యి రాలేదంటే అర్థం చేసుకోండి. ఆటోస్టార్ట్ ఫేజ్ అనే గ్నోమ్ కీ ఉన్న ఫైళ్ళను జనరేటర్ అసలు ముట్టుకోదు.

నా పంపకం ఇలా ఉంటుంది. మనిషి కంటికి కనబడేది, ఆపాలనిపిస్తే ఆపుకునేది, క్లిప్‌బోర్డ్ మేనేజరో, ఫైల్ సింక్ ఐకానో, ఆటోస్టార్ట్‌లో ఉండొచ్చు. పడిపోతే మళ్ళీ లేవాల్సినది యూనిట్‌గా ఉండాలి. రెండు చోట్లా ఉండకూడదు.

అడిగితే లేచేవి

వీలైతే లాగిన్‌లో ఏమీ లేపకపోవడం అన్నిటికంటే మేలు. శబ్దం, వీడియో సంగతి చూసే పైప్‌వైర్ చూడండి: ప్రోగ్రాములు తట్టే తలుపు లాంటి సాకెట్ /రన్/యూజర్/1000లో తయారుగా ఉంటుంది, ఏ ప్రోగ్రామైనా తట్టగానే డీమన్ లేస్తుంది. దానికి తెరతో పని లేదు కాబట్టి ముందే సాకెట్ పెట్టినా నష్టం లేదు. ప్రోగ్రాముల మధ్య మెసేజ్‌లు మోసే డీబస్ చేసే యాక్టివేషన్ కూడా అలాంటిదే, ఫలానా పేరుకు మెసేజ్ వస్తే ఫలానా సేవను లేపు అని ఒక చిన్న ఫైలు చెబుతుంది.

దీని రోగం వేరు. స్వేలో జీటీకే టూల్‌కిట్‌తో రాసిన ఏ అప్లికేషన్ తెరిచినా ఇరవై సెకన్ల పైన తెల్లమొహం వేసి తర్వాత తెరుచుకోవడం చూసే ఉంటారు. డీబస్ మెసేజ్‌కి జవాబు కోసం ఎదురుచూసే డీఫాల్ట్ గడువు 25 సెకన్లు. అప్లికేషన్ పోర్టల్‌ని (డెస్క్‌టాప్ తరఫున సేవలందించే ప్రోగ్రామ్‌ని) పిలుస్తుంది, డీబస్ దాన్ని లేపబోతుంది, దానికి వేలాండ్_డిస్‌ప్లే తెలియక చస్తుంది, అప్లికేషన్ గడువంతా కాపలా కాస్తుంది. అప్లికేషన్ బాగానే ఉంది, రీఇన్‌స్టాల్ చేసి లాభం లేదు. స్వే కాన్ఫిగ్‌లో డీబస్-అప్‌డేట్-యాక్టివేషన్-ఎన్విరాన్‌మెంట్ కమాండ్‌ని --సిస్టమ్‌డీ ఆప్షన్‌తో, వేలాండ్_డిస్‌ప్లే, ఎక్స్‌డీజీ_కరెంట్_డెస్క్‌టాప్ పేర్లు ఇచ్చి నడిపితే తగ్గిపోతుంది. ఒకే మెషీన్‌లో రెండు మూడు డెస్క్‌టాపులు వేసుకునేవాళ్ళకు ఇంకోటి: నోటిఫికేషన్ల పేరు ఒక్కటే, దాన్ని మేమే లేపుతామని ఫైళ్ళు పెట్టిన ప్యాకేజీలు చాలా. ఎక్స్‌ఎఫ్‌సీఈ నోటిఫికేషన్ ప్లాస్మాలో ప్రత్యక్షమవడం అలాగే జరుగుతుంది.

నా వాదనకు ఎదురు నిలిచేది

పాస్‌వర్డులు దాచిపెట్టే గ్నోమ్ కీరింగ్. దాన్ని పామ్ మాడ్యూల్ లేపుతుంది, ఆటోస్టార్ట్ ఫైళ్ళు లేపుతాయి, డీబస్ లేపుతుంది, యూజర్ సాకెట్ కూడా ఉంది. ఒక్కడే లేపాలన్న నా మాట ప్రకారం ఇది రోజూ కూలిపోవాలి. కూలట్లేదు. ఎందుకంటే రెండోసారి లేచినది ముందు తన కంట్రోల్ సాకెట్ దగ్గర ఇంకెవరైనా ఉన్నారా అని చూసి, ఉంటే వాళ్ళకే పని అప్పగించి తప్పుకుంటుంది. పామ్ దశలో లేవడానికి గట్టి కారణమే ఉంది: తాళం తీయడానికి కావాల్సిన మీ పాస్‌వర్డ్ చేతిలో ఉండేది ఆ ఒక్క క్షణమే. ఆటో లాగిన్ పెట్టుకున్నా, వేలిముద్రతో వెళ్ళినా పాస్‌వర్డ్ రాదు, అందుకే వైఫై కనెక్ట్ కాబోతూనో క్రోమ్ తెరవగానో కీరింగ్ పాస్‌వర్డ్ అడుగుతూ డబ్బా వస్తుంది. దాన్ని వైరస్ అనుకున్నవాళ్ళు కూడా ఉన్నారు.

కాబట్టి నా నియమానికి సవరణ ఒప్పుకుంటాను: పలువురు లేపినా పర్లేదు, ఆ ప్రోగ్రామ్‌కి తన తోటివాణ్ని గుర్తుపట్టే కోడ్ ఉంటే. చాలా డీమన్లకు అది లేదు. ఐబస్ డీమన్‌కి ఆర్ ఆప్షన్ ఇస్తే అది ఉల్టా, అప్పటికే ఉన్నదాన్ని పీకేసి తాను కూర్చుంటుంది. ఒకే పెళ్ళికి ఇద్దరు క్యాటరింగ్ వాళ్ళకి ఆర్డరిచ్చి, రెండోవాడికి మొదటివాడి పొయ్యిలు ఆర్పేసే అధికారం కూడా ఇచ్చినట్టు.

మళ్ళీ తెలుగు కీబోర్డు దగ్గరికి

మరి ఐబస్‌ని ఎవరు లేపాలి? డెస్క్‌టాప్‌ని బట్టి జవాబు మారుతుంది, గ్రూపుల్లో వచ్చే సలహాలు చెల్లనిది ఇందుకే. గ్నోమ్‌లో షెల్లే దాని సంగతి చూసుకుంటుంది. చాలా భాషల కీబోర్డులుండే ఐబస్ ఎమ్17ఎన్ ప్యాకేజీ వేసి, సెట్టింగ్స్‌లో కీబోర్డ్ కింద తెలుగు ఇన్‌స్క్రిప్టో ఆర్‌టీఎస్సో చేర్చుకోవడం వరకే మన పని. ప్లాస్మా వేలాండ్‌లో సిస్టమ్ సెట్టింగ్స్‌లో వర్చువల్ కీబోర్డ్ పేజీలో ఐబస్ వేలాండ్‌ని గానీ, ఐబస్ లాంటిదే అయిన ఎఫ్‌సీఐటీఎక్స్ 5ని గానీ ఎంచుకోవాలి. అక్కడ కేవిన్ మాత్రమే దాన్ని లేపాలి, ఇది అభిరుచి విషయం కాదు. ఇన్‌పుట్ మెథడ్ అంటే మీరు కొట్టే ప్రతి అక్షరం చూసే ప్రోగ్రామ్, అందుకే కేవిన్ తాను స్వయంగా లేపిన ప్రాసెస్‌కి మాత్రమే ఒక ప్రత్యేక కనెక్షన్ ఇస్తుంది. ఆటోస్టార్ట్ లేపిన డీమన్‌కి ఆ కనెక్షన్ ఎన్నటికీ దొరకదు. నడుస్తున్నట్టు ప్రాసెస్‌ల జాబితా చూపే పీఎస్‌లో కనిపిస్తుంది, ఆ కనెక్షన్ మీద ఆధారపడే వేలాండ్ అప్లికేషన్లలో తెలుగు మాత్రం పడదు. ఎక్స్11 మీద ఎక్స్‌ఎఫ్‌సీఈ అయితే డెబియన్, ఉబుంటుల్లో ఐఎమ్-కాన్ఫిగ్ నడిపి ఐబస్ ఎంచుకుంటే వేరియబుల్స్ పెట్టడం, డీమన్ లేపడం రెండూ అదే చూసుకుంటుంది.

ఇప్పటికే నాలుగు సలహాలూ పాటించి చిక్కుల్లో పడ్డ మెషీన్‌ని బాగుచేయాలంటే ఎవరు లేపారో ముందు తేల్చాలి. పీగ్రెప్ కమాండ్‌తో ఐబస్ డీమన్ పీఐడీ (ప్రాసెస్ నంబరు) పట్టుకోండి. సిస్టమ్‌సీటీఎల్ --యూజర్ స్టేటస్ అని కొట్టి పక్కన యూనిట్ పేరు బదులు ఆ పీఐడీ ఇవ్వండి, అది ఏ యూనిట్‌కి చెందిందో చెబుతుంది. ఎట్ ఆటోస్టార్ట్ కనబడితే డెస్క్‌టాప్ ఫైలు. యూజర్ మేనేజర్‌కి అదెవరో తెలియకపోతే /ప్రోక్ కింద ఆ పీఐడీ డైరెక్టరీలో సీగ్రూప్ ఫైలు చదవండి. సెషన్ స్కోప్ అని ఉంటే షెల్ ఫైళ్ళ మీద మొదటి అనుమానం పెట్టుకోండి, ఎక్స్‌ఎఫ్‌సీఈలో అయితే దాని సెషన్ మేనేజర్ లేపినవీ అక్కడే ఉంటాయి. డీబస్ సర్వీస్ కింద ఉంటే యాక్టివేషన్ ఫైలు. ఆ సీగ్రూప్ ఫైలు పక్కనే ఉన్న ఎన్విరాన్ ఫైలులో దానికి అందిన వేరియబుల్స్ కనిపిస్తాయి, అక్కడ వేలాండ్_డిస్‌ప్లే లేదంటే సగం రోగం తెలిసినట్టే. మీ డెస్క్‌టాప్‌కి తగిన ఒక్కదాన్ని ఉంచి మిగతావి తీసెయ్యండి, ఏ ఇన్‌పుట్ మెథడ్ వాడాలో చెప్పే జీటీకే_ఐఎమ్_మాడ్యూల్ లాంటి వేరియబుల్స్ .ప్రొఫైల్‌లో మిగిలాయేమో కూడా చూడండి.

2025లో వచ్చిన గ్నోమ్ 49లో గ్నోమ్-సెషన్ తన సొంత సర్వీస్ మేనేజర్‌ని వదిలేసి ఆ పనంతా సిస్టమ్‌డీకే ఇచ్చేసింది. లేపేవాళ్ళలో ఒకరు తగ్గారు, నాకు నచ్చింది. సిస్టమ్‌డీ లేకుండా గ్నోమ్ నడుపుకునేవాళ్ళకు మాత్రం ఆ పని చేసిపెట్టే ఇంకో ప్రోగ్రామ్ కావాల్సి వస్తుంది, వాళ్ళ కోపం నాకు అర్థమవుతుంది.